మూడున్నర రూపాయల మిత్తి: నా అప్పులు, నా ఆర్డర్లు, ఈ ఏడాది

నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. హెడ్‌క్వార్టర్ నల్గొండ. మిర్యాలగూడ, నకిరేకల్, సూర్యాపేట, దేవరకొండ తిరుగుతుంటాను. చేతికొచ్చే జీతం 32 వేలు, దాని మీద తిరుగుడు ఖర్చులకిచ్చే టీఏ, డీఏ నెలకు తొమ్మిది పది వేలు. 2024 నవంబర్ నాటికి నా పేరు మీదున్న అప్పు 4,36,000 రూపాయలు. ఇల్లు కట్టలేదు, జాగ కొనలేదు, ఇంట్లో ఎవరికీ ఆపరేషన్ కాలేదు, చెల్లె పెళ్లి బాపు తన చేతి మీదనే చేశాడు. అప్పెందుకైందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ లేదు. ఉన్నవల్లా మూడు జతల ఇయర్ బడ్స్, అవసరానికి మించిన బూట్లు, ఒక వాచీ, రెండోసారి ఎగరేసినప్పుడే చింతచెట్టుకు తగిలి పాడైన డ్రోన్ ఒకటి.

అప్పు తీర్చడం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా లెక్కలు చెప్తారు. నా లెక్క ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. చెయ్యి ఆపుకోవడానికే ఏడాది పట్టింది. అందుకే ఆ రెండోదాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

2024లో దీపావళి అక్టోబర్ 31న వచ్చింది. పండగ సేల్‌లో జీతం సగం పోయింది. నవంబర్ 5న యాప్ లోన్ కిస్తు 5,250 కట్ కావాలి, ఖాతాలో నాలుగు వేల చిల్లర ఉంది. బౌన్స్ అయింది. బ్యాంకు 590 పట్టుకుంది, 500 చార్జీ, దాని మీద జీఎస్టీ. లోన్ ఇచ్చినవాళ్లు వాళ్ల బౌన్స్ చార్జీ వేరేగా వేశారు. ఒకే కిస్తుకు రెండు చోట్ల జరిమానా పడుతుందని నాకప్పటిదాకా తెలియదు. మర్నాడు నేను మిర్యాలగూడలో ఉండగా వాళ్లు మా ఆవిడకు ఫోన్ చేశారు. లోన్ తీసుకున్నప్పుడు ఇంకో నంబర్ అడిగితే ఆమెదే ఇచ్చాను మరి.

రాత్రి ఇంటికొచ్చేసరికి ఆమె జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది, నెలకు ఐదారు వేలు వస్తాయి. అరుస్తుందేమో అనుకున్నాను. "ఇంకా ఎన్ని ఉన్నయి?" అని మాత్రం అడిగింది. రెండన్నాను. సూది పక్కన పెట్టి, "అన్నీ ఇప్పుడే చెప్పండి. బాధపడితే ఒక్కసారే పడత, రోజుకొకటి తెలిస్తే నాతోని కాదు" అంది.

అలా ఆ రాత్రి పాత నోట్‌బుక్‌లో రాశాం. మొదటి క్రెడిట్ కార్డు 1,18,000. రెండో కార్డు మీద నో-కాస్ట్ ఈఎంఐలు, అంటే వడ్డీ లేదని చెప్పే కిస్తులు, 52,000. యాప్ లోన్ 46,000. బ్యాంకు పర్సనల్ లోన్ 1,90,000. బావమరిది దగ్గర చేబదులు 30,000. బావమరిది అంటే ఆమె తమ్ముడే. ఆ ముప్పై వేల సంగతి కూడా ఆమెకు తెలియదు. మిగతావన్నీ విన్నప్పుడు మాట్లాడుతూనే ఉంది, అది విన్నాక మాత్రం లేచి లోపలికి పోయింది.

నెలకు పోయేది కూడా వేశాం. పర్సనల్ లోన్ 7,200, యాప్ లోన్ 5,250, రెండో కార్డు ఈఎంఐలు 4,600, మొదటి కార్డుకు మినిమమ్ పేమెంట్, అంటే బిల్లులో కనీసం కట్టాల్సింది, ఆరు వేలు. మొత్తం 23,050. ఇంటి కిరాయి 6,500 పోతే చేతిలో మిగిలేది 2,450. అంటే ఉప్పు, పప్పు, పెట్రోల్, పాప స్కూల్ ఆటో అన్నీ మళ్లీ కార్డు మీదే నడుస్తున్నాయన్నమాట. ఈ సంగతి నాకు తెలియదని కాదు. ఎప్పుడూ కాగితం మీద వేసి చూడలేదు, అంతే.

ఇంకేమైనా మర్చిపోయానేమోనని క్రెడిట్ రిపోర్ట్, అంటే నా పేరు మీదున్న అప్పుల చిట్టా, తీశాను. ఆ చిట్టా రాసిపెట్టే ఒక్కో సంస్థ (క్రెడిట్ బ్యూరో) నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా తీసుకోవచ్చు. డబ్బులు కట్టించుకునే ప్లాన్‌లు ముందు కనపడతాయి, ఉచితం అన్న బటన్ ఎక్కడో మూలకు ఉంటుంది, కాస్త వెతకాలి. అందులో నేను పూర్తిగా మర్చిపోయిన 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' ఖాతా ఒకటి బయటపడింది, బాకీ 1,340. ఆ రోజే కట్టేశాను. అది రిపోర్ట్‌లో మారడానికి నెల దగ్గర పట్టింది.

2025 సంక్రాంతికి ఊరికి పోయాం. మాది నకిరేకల్ దగ్గర, కొంచెం బత్తాయి తోట ఉంది. బాపుకు చెప్పొద్దనుకున్నాను, కానీ మొహం చూసి ఆయనే అడిగాడు. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతమని చెప్తే ఆయనకు ముందు అర్థం కాలేదు. "అంటే నూటికి?" అన్నాడు. నూటికి నెలకు మూడున్నర రూపాయలు, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ అన్నాను.

"మూడున్నర రూపాల మిత్తా? గిర్వి పెట్టుకునే సేటు గూడ గంత అడుగడు గదరా. రెండు రూపాల మిత్తికి తెచ్చినోన్ని మనూర్ల ఆగమైతడంటరు."

నేను డిగ్రీ చదివాను, డాక్టర్ల ముందు నిలబడి పర్సెంటేజీల్లో మాట్లాడి మందులు అమ్ముతాను. సంవత్సరానికి 42 శాతం అని బిల్లు వెనకాల ఉన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. బాపు రూపాయల్లోకి మార్చేసరికి కడుపులో తిప్పినట్టైంది. అప్పటికప్పుడు లెక్కేశాను: 1,18,000 మీద నెలకు 4,130 మిత్తి, జీఎస్టీతో కలిపి 4,873. నేను ఆరు వేలు కడుతుంటే అసలులో తగ్గుతున్నది పదకొండు వందల చిల్లర. పైగా బిల్లు పూర్తిగా కట్టనంత కాలం కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే మిత్తి. మినిమమ్ కడుతున్నాను కాబట్టి అంతా సరిగ్గానే ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

బాపు డబ్బులిస్తానని అనలేదు, నేనూ అడగలేదు. "బంగారం ఉన్నది గద, బ్యాంకుల పెట్టుండ్రి. ముందు గా కార్డు కొరివి ఆర్పుండ్రి" అన్నాడు. బంగారం నాది కాదు, మా ఆవిడది. ఆయన అంతా ఆమెను చూస్తూనే చెప్పాడు.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. షరతు పెట్టింది. ఇంతకు ముందు 2023లో పర్సనల్ లోన్ తీసుకున్నది కూడా కార్డు తీర్చడానికే. తీర్చిన ఏడాదికే కార్డు మళ్లీ నిండింది. "ఇప్పుడు నా బంగారం పెట్టి తీరుస్తే మళ్లా నింపరని ఏం గ్యారంటీ?" అంది. జవాబు లేదు. పది పదిహేను రోజులు ఆ మాట అలాగే ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే ఆరు నెలల కార్డు బిల్లులు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, ఎర్ర పెన్నుతో అనవసరపు ఖర్చులకు టిక్కులు పెట్టాను. పెట్టాక చూస్తే టిక్కులు నెలంతా సమానంగా లేవు. రెండు చోట్ల గుంపుగా పడ్డాయి. ఒకటి ఇరవై తారీఖు తర్వాత రెండు మూడు రోజులు. టీఏ, డీఏ పడేది అప్పుడే. అది ముందే నా జేబులోంచి పెట్రోల్‌కు, బస్సులకు, లాడ్జికి పెట్టిన డబ్బు, తిరిగొస్తోంది అంతే. కానీ ఖాతాలో పడగానే అది పైడబ్బులా అనిపించేది. రెండోది నెలాఖరు, అమ్మకాల టార్గెట్ లెక్క తేలే క్లోజింగ్ టెన్షన్ రోజులు. మేనేజర్ రివ్యూ కాల్‌లో తిట్లు తిన్న రోజు రాత్రి ఏదో ఒక ఆర్డర్ తప్పకుండా ఉంది. డ్రోన్ కూడా అలాంటి రాత్రిదే.

ఇంకోటి టైమ్. మా పనిలో సగం ఎదురుచూడడమే. డాక్టర్ ఓపీ అయ్యేదాకా, మధ్యాహ్నం మూడింటికో రాత్రి తొమ్మిదికో పిలుపొచ్చేదాకా, క్లినిక్ బయట బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. చేతిలో ఫోన్. నేను కొన్నవాటిలో ఎక్కువ భాగం ఆ బెంచీల మీద కూర్చుని కొన్నవే.

ఈ కాగితాలన్నీ మా ఆవిడకు చూపించాను. చాలాసేపు చూసింది. జీతం ఖాతా తన ఫోన్‌లో కూడా కనపడాలని, కార్డు బిల్లు మెయిల్ తనకు కూడా రావాలని అడిగింది. సరే అన్నాను. అడిగింది చిన్నదే, కానీ చిల్లర లెక్కపెట్టి ఇచ్చి కొట్టుకు పంపిన పిల్లాడిలా అనిపించింది నాకు. ఆ మాట పైకి అనలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో బ్యాంకుకు పోయాం. పొద్దున పదింటికి పోతే బంగారం చూసే ఆయన పన్నెండు దాటాక వచ్చాడు. కొన్ని బ్రాంచీల్లో ఆయన రోజంతా ఉండడు, ముందే ఫోన్ చేసి అడిగిపోతే మంచిది. నల్లపూసల దండ, నాలుగు గాజులు. మేం మూడు తులాలకు పైనే అనుకున్నాం. పూసలు, రాళ్లు, లక్క బరువు తీసేసి నికరంగా 27 గ్రాములే రాశాడు. ఆధార్, పాన్, ఫొటోలు, సంతకాలు. బంగారం ఆమెది కాబట్టి లోన్ ఆమె పేరు మీదే. చూసిన ఆయన ఫీజు, ప్రాసెసింగ్ కలిపి వెయ్యిలోపే అయింది. మూడింటికల్లా 1,40,000 ఖాతాలో పడ్డాయి. వడ్డీ ఏడాదికి తొమ్మిది శాతం, అంటే నూటికి నెలకు బారాణా, 75 పైసల మిత్తి. అసలు, వడ్డీ ఏడాదిలోపు కట్టి విడిపించుకోవాలి, మధ్యలో ఎప్పుడు ఎంతైనా కట్టొచ్చు.

ఒక్కటి మాత్రం ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నగలన్నీ ఒకే లోన్ కింద, ఒకే ప్యాకెట్‌లో పెట్టాం. సగం అప్పు తీరాక గాజులు మాత్రం ఇవ్వమంటే కుదరదన్నారు, మొత్తం కట్టాకే ప్యాకెట్ తెరుస్తారట. రెండు లోన్లుగా పెట్టి ఉంటే ఒకటి ముందు విడిపించుకునేవాళ్లం. శ్రావణంలో వాళ్ల చిన్నమ్మ కూతురి పెళ్లికి మా ఆవిడ రోల్డ్ గోల్డ్ గాజులతో పోయింది. వచ్చాక నేను అడగకముందే, "ఎవ్వరూ గుర్తుపట్టలే. పట్టినా అడగలే" అంది. ఆ రాత్రి నేను సరిగా నిద్రపోలేదు.

1,40,000లో 25,000 బావమరిదికి పోయాయి. లెక్క ప్రకారం అది తప్పు, ఎందుకంటే ఆయన వడ్డీ అడగలేదు. కానీ మా ఇంట్లో అది ముందు తీరితేనే మిగతావి మాట్లాడుకునే పరిస్థితి. "తొందరేముంది బావా" అన్నాడు ఫోన్‌లో. తొందర మా ఇంట్లో ఉందని ఆయనకెలా తెలుస్తుంది. మిగిలిన 1,15,000 మొదటి కార్డుకు కట్టాను. డిసెంబర్ నుంచి కార్డు గీకడం ఆపేశాను కాబట్టి బాకీ అంతకు దిగింది.

మార్చి బిల్లులో సున్నా ఉంటుందనుకున్నాను. రెండు వేల పైచిలుకు వచ్చింది. గుండె ఝల్లుమంది, ఎవరైనా నా కార్డు వాడారేమో అనుకున్నాను. కస్టమర్ కేర్‌కు చేస్తే, మిత్తి రోజువారీ పడుతుంది కాబట్టి పోయిన బిల్లు తయారైన రోజు నుంచి నేను కట్టిన రోజు వరకు పడిన వడ్డీ ఈ బిల్లులో వస్తుందన్నారు. అదీ కట్టాక ఏప్రిల్‌కు నిజంగా సున్నా అయింది. తీరిపోయిందనుకుని బిల్లు చూడకుండా వదిలేసేవాళ్లకు ఈ చిన్న మొత్తం మీదే లేట్ ఫీజు పడుతుంది, జాగ్రత్త.

కట్టిన వారంలోపే యాప్‌లో అంకె మారింది. అందుబాటులో ఉన్న లిమిట్: 1,25,000. ఎర్ర రంగు పోయి పచ్చ రంగు వచ్చింది. ఏడాదిలో నాకు అన్నిటికంటే కష్టమైన రోజులు అవే. అప్పు నిండా ఉన్నప్పుడు కొనాలన్నా కొనలేను. ఇప్పుడు లక్షా పాతిక వేలు చేతిలో ఉన్నట్టే ఉంది, పైగా ఇన్ని నెలలు కట్టుకున్నందుకు నాకేదో రావాలన్న భావన. ఏప్రిల్‌లో ఒక రాత్రి దేవరకొండ నుంచి లేటుగా వచ్చి 24,999 పెట్టి ఫోన్ ఆర్డర్ చేశాను. పొద్దున లేచి, అది ఇంకా బయల్దేరకముందే క్యాన్సిల్ చేశాను. మెసేజ్ మా ఆవిడకు వెళ్లలేదు, బిల్లు మాత్రమే ఆమెకు వెళ్తుంది. అయినా చెప్పాను. ఆ మధ్యాహ్నమే కార్డు లిమిట్ 20 వేలకు తగ్గించమని అడిగాను. ఫోన్‌లో ఆవిడ ఎందుకు సార్ అని అడిగి, మీకు ఐదు లక్షల లోన్ కూడా రెడీగా ఉందని చెప్పింది. తగ్గించడానికి నాలుగైదు రోజులు పట్టింది. పెంచడానికైతే ఎప్పుడూ ఒక్క నిమిషం పట్టలేదు.

చెయ్యి ఆపడానికి చేసినవాటిలో కొన్ని పనిచేశాయి, కొన్ని ఉత్తవే.

షాపింగ్ యాప్‌లు తీసేయడం పెద్దగా పనిచేయలేదు. బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. దాచిపెట్టిన కార్డు వివరాలు అన్ని యాప్‌ల నుంచి తొలగించడం కొంచెం పనిచేసింది, ఎందుకంటే కార్డు ఇంట్లో బీరువాలో ఉంటుంది, పదహారు అంకెలు నాకు నోటికి రావు. బ్యాంకు యాప్‌లో కార్డుకు ఆన్‌లైన్ కొనుగోళ్లు ఆపేసే స్విచ్ ఉంటుంది, ఆపేశాను. తిరిగి ఆన్ చేయడానికి అర నిమిషం చాలు, కానీ ఆ అర నిమిషంలో ఒకటి రెండుసార్లు మనసు మళ్లింది. డేటా ఆపేసి కూర్చుందామంటే కుదరలేదు, మా రోజువారీ రిపోర్ట్ ఫోన్‌లోనే పంపాలి.

నిజంగా మార్పు తెచ్చింది యూపీఐ ఖాతా మార్చడం. జీతం ఖాతాను అన్ని యూపీఐ యాప్‌ల నుంచి తీసేశాను. పాత కాలేజీ రోజుల ఖాతా ఒకటి ఉంటే దాన్ని పెట్టుకున్నాను. ప్రతి సోమవారం మా ఆవిడ దాంట్లో రెండు వేలు వేస్తుంది. పెట్రోల్, టీ, మధ్యాహ్నం భోజనం అన్నీ అందులోనే. ఆ పని చేస్తుంటేనే ఆటోపే లిస్ట్ కనపడింది. నేను చూడని ఓటీటీలు, ఒక ఫిట్‌నెస్ యాప్, అన్నీ కలిపి నెలకు తొమ్మిది వందలు. జిమ్ ముఖం చూసి రెండేళ్లయింది.

మొదటి వారాల్లో పరువు పోయినంత పనైంది. దేవరకొండ రోడ్డులో పెట్రోల్ పోయించుకున్నాక బ్యాలెన్స్ చాలలేదు. వెనక లైన్‌లో హారన్లు. మా ఆవిడకు ఫోన్ చేస్తే మిషన్ చప్పుడులో వినపడలేదు. పంపు దగ్గరి అబ్బాయి "పక్కకు పెట్టుకో అన్నా" అన్నాడు. ఆ తర్వాత నుంచి శాంపిల్ బ్యాగ్ లోపలి జిప్పులో ఒక ఐదు వందల నోటు ఉంటుంది.

కొనాలనిపించిన వస్తువులను డైరీ చివరి పేజీల్లో రాయడం మొదలుపెట్టాను, ధరతో సహా. వచ్చే నెల టీఏ, డీఏ పడ్డాక కూడా కావాలనిపిస్తే ఇంట్లో మాట్లాడి కొనాలని నియమం. ఇప్పుడా పేజీలు చూస్తే నవ్వొస్తుంది. మసాజ్ గన్, కాఫీ మిషన్ (మా ఇంట్లో అందరం టీనే తాగుతాం), కారు లోపల దుమ్ము తీసే వాక్యూమ్ క్లీనర్. నాకు కారు లేదు. కానీ ఆ పేజీల్లోంచి కొన్నవి కూడా ఉన్నాయి. మే నెలలో నల్గొండ ఎండ గురించి చెప్పక్కర్లేదు, పాపకు రాత్రుళ్లు చెమటకాయలు. 9,500 పెట్టి కూలర్ కొన్నాం, నగదుగా, రెండు నెలల టీఏ, డీఏలోంచి. దుకాణంలో నో-కాస్ట్ ఈఎంఐ పెట్టుకోమన్నారు. రెండో కార్డు మీద ఉన్న ఈఎంఐల బిల్లులు అప్పటికే విప్పి చూశాను. పేరుకే వడ్డీ లేదు, మొదట్లోనే ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పడ్డాయి, వడ్డీ మీద జీఎస్టీ ప్రతి నెలా పడుతూనే ఉంది. తొమ్మిది వందల బడ్స్‌కు కూడా ఈఎంఐ పెట్టుకుని రెండు వందల చిల్లర ఫీజు కట్టినోణ్ని. చారాణా కోడికి బారాణా మసాలా.

ఫోన్‌లో ఎన్ని స్విచ్‌లు ఆపినా ఆగనివి మనుషులతో ఉండే ఖర్చులు. క్లాక్ టవర్ దగ్గర మా రిప్రజెంటేటివ్‌లందరం కలిసే టీ కొట్టు ఉంది. ఎనిమిది మంది ఉంటే బిల్లు నేనే ఇచ్చేవాణ్ని, బిర్యానీకి పోయినా నేనే. ఎవరూ అడిగేవారు కాదు, నా చెయ్యే ముందు లేచేది. అది ఆపుకోవడం షాపింగ్ కంటే కష్టమైంది. నాలుగు రోజులు ఆ టైమ్‌కు అటు పోకుండా తప్పించుకున్నాను. తర్వాత ఒకతనికి సంగతి చెప్పాను. అతను నవ్వి, తన మీద ఆరు లక్షలున్నాయన్నాడు. అప్పటి నుంచి ఎవరి టీ వాళ్లదే.

జూన్‌లో చెల్లె బిడ్డకు చెర్వుగట్టు గుడిలో పుట్టు వెంట్రుకలు, అక్కడే చెవులు కుట్టించడం. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, చెవి పోగులు మేనమామ తేవాలి. తులం లక్ష దగ్గర ఆడుతున్న రోజులు. చిన్న పోగులన్నా పదిహేను వేల పైనే. కార్డు మీద ఇరవై వేల లిమిట్ ఉంది. రెండు రోజులు కొట్టుకులాడాను. చివరికి వెండి పట్టీలు, బట్టలు కలిపి ఆరున్నర వేలలో తీసుకుపోయాను, పోగులు బావగారు తెచ్చారు. అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు, నలుగురిలో తల కొట్టేసినట్టుందని ఇంటికొచ్చాక అంది. చెల్లె తర్వాతి వారం ఫోన్ చేసి, "బాపు చెప్పిండన్నా, నువ్వు గవన్నీ మనసుల పెట్టుకోకు" అంది. పెట్టుకోకుండా ఎలా ఉంటాను. ఆ నెల బంగారం లోన్‌కు రెండు వేలే కట్టగలిగాను.

యాప్ లోన్ చివరి కిస్తు సెప్టెంబర్ 5న కట్ అయింది. అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ దానంతటదే వస్తుందనుకుంటే రాలేదు. మెయిళ్ల మీద మెయిళ్లు పెడితే మూడు వారాలకు పంపారు. అది చేతికొచ్చాక ఖాతాలోంచి కిస్తు దానంతటదే కట్ అయ్యేలా బ్యాంకుకు ఇచ్చిన అనుమతి (ఆటో డెబిట్ మ్యాండేట్) కూడా విడిగా క్యాన్సిల్ చేయించాను.

అదే నెల 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నా బండి తొంభై వేల కిలోమీటర్లు దాటింది. హైదరాబాద్ రోడ్డులో షోరూమ్ ముందు బెలూన్లు కట్టారు. ఆగాను, కూర్చుని చూశాను, కొటేషన్ కూడా తీసుకున్నాను. యాప్ లోన్ కిస్తు 5,250 ఇప్పుడు ఖాళీ, బండి కిస్తు 4,100 అంటున్నారు, అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి. సరిపోతున్నాయనిపించినప్పుడే నాకు భయం వేసింది. డైరీలో రాసుకుని వచ్చేశాను. పాత బండికి చైన్ సెట్, వెనక టైరు కలిపి 3,800 అయింది. కొత్త బండి మీద ఆశ పోయిందా అంటే పోలేదు.

దసరా ఈసారి గాంధీ జయంతి నాడే వచ్చింది. మటన్ ముందు రోజే తెచ్చుకున్నాం. బట్టలు పాపకు ఒక్కదానికే తీసుకున్నాం. నవంబర్ మొదట్లో క్వార్టర్ ఇన్సెంటివ్, అంటే మూడు నెలల అమ్మకాల మీద వచ్చేది, 27 వేలు పడ్డాయి. పడిన రోజే బ్యాంకుకు పోయి మొత్తం బంగారం లోన్‌లో కట్టేశాను, రాత్రి దాకా ఉంచితే ఏమవుతుందో నాకు తెలుసు. కౌంటర్‌లో ఆయన కంప్యూటర్ చూసి, బంగారం రేటు బాగా పెరిగింది సార్, ఇవే నగల మీద ఇంకో లక్ష దాకా ఇవ్వొచ్చు అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "వద్దు, రసీదు ఇయ్యండి" అంది.

రెండో కార్డు ఈఎంఐలు నవంబర్‌లో అయిపోయాయి. ముందే తీర్చేస్తే మిగిలిన అసలు మీద చార్జీ, జీఎస్టీ పడతాయన్నారని వాటిని వాటి దారిన నడవనిచ్చాను. పర్సనల్ లోన్ కూడా అంతే, ముందు కడితే నాలుగు శాతం అడుగుతున్నారు. డిసెంబర్ మొదటి వారంలో రెండో కార్డు మూసేయమని మెయిల్ పెట్టాను. బాకీ లేకపోతే అడిగిన ఏడు పని దినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున మనకు కట్టాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ సంగతి మెయిల్‌లోనే రాశాను. ముందు ఒకావిడ ఫోన్ చేసి జీవితాంతం వార్షిక ఫీజు లేదంది, ఇంకొకాయన గిఫ్ట్ ఓచర్ ఇస్తానన్నాడు. వద్దన్నాను. వారంలోపు మూసేసినట్టు మెయిల్ వచ్చింది. పాయింట్లు ఉంటే ముందే వాడుకోండి, నావి పోయాయి.

ఇప్పుడు క్రెడిట్ రిపోర్ట్‌లో రెండు ఖాతాల ఎదురుగా 'క్లోజ్డ్' అని ఉంది, స్కోర్ పెరిగింది. స్కోర్ పెరిగిన దగ్గర నుంచి లోన్ కావాలా అనే ఫోన్లు కూడా పెరిగాయి, ఎక్కువగా 140తో మొదలయ్యే నంబర్లు. 1909కు చేసి, ఇలాంటి ఫోన్లు రాకుండా ఆపే డీఎన్‌డీ పెట్టించాను. తగ్గాయి కానీ పూర్తిగా ఆగలేదు.

డిసెంబర్ చివరికి మిగిలినవి ఇవి. బంగారం లోన్ 39 వేల చిల్లర. పర్సనల్ లోన్ కిస్తులు 2027 దాకా. బావమరిదికి ఐదు వేలు, అవి అడిగితే కోప్పడుతున్నాడు కాబట్టి పాప పుట్టినరోజుకు వాళ్ల పిల్లలకు బట్టలు తీద్దామని మా ఆవిడ అంటోంది. బంగారం లోన్ గడువు ఫిబ్రవరి రెండో వారం. జనవరి జీతంలోంచి, టీఏ, డీఏలోంచి పదిహేను వేల దాకా కట్టగలం. మిగతాది క్వార్టర్ ఇన్సెంటివ్ మీద ఆధారపడి ఉంది. అది ఎంత వస్తుందో మేనేజర్ ఇంకా చెప్పలేదు. చాలకపోతే వడ్డీ వరకు కట్టి రెన్యువల్ చేయించాలి. ఈసారి మాత్రం గాజులు, దండ రెండు వేర్వేరు లోన్లుగా పెట్టమని అడుగుతాం.